చిన్న ట్రావెల్ ట్రైలర్‌కు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్: ముందు కాటా, ఆ తర్వాతే కొట్టు

అమెరికాలో పదహారు, పద్దెనిమిది అడుగుల ట్రైలర్ కొనేటప్పుడు హిచ్ గురించి, అంటే ట్రైలర్‌ను బండికి తగిలించే అమరిక గురించి, ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. సంతకాలన్నీ అయ్యాక బిల్లులో చివరి వరుసగా వచ్చి చేరుతుంది. "ఈ సైజుకు అందరూ ఇదే తీసుకుంటారు" అన్న మాటతో బేరం పూర్తవుతుంది. నిజానికి ట్రైలర్ పొడవుకూ హిచ్ ఎంపికకూ సంబంధం చాలా తక్కువ. చూడవలసినవి నాలుగు అంకెలు: మీ బండి తలుపు పక్కన స్టిక్కరు మీద రాసిన పేలోడ్ (బండి మోయగల మనుషులూ సామానూ బరువు), రిసీవర్ (బండి వెనక హిచ్ దూర్చే గొట్టం) మీద అచ్చయిన పరిమితులు, సామాను నింపాక ట్రైలర్ ముందుభాగం మోపే బరువు, ట్రైలర్ టైర్లు మోయగల బరువు. నాలుగింటినీ డబ్బు కట్టకముందే తెలుసుకోవచ్చు.

ఇక్కడ చిన్న ట్రైలర్ అంటున్నది ఒకే ఇరుసుతో, సామానుతో కలిపి సుమారు 3,000 నుంచి 5,000 పౌండ్ల మధ్య తూగేది. స్కాంప్, కసీటా, ఆర్-పాడ్, ఎయిర్‌స్ట్రీమ్ బాంబీ వంటివాటిలో చాలావరకు ఈ కోవలోకి వస్తాయి. పెద్ద ట్రైలర్లకు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే వెనక పడే బరువును ఇరుసుల మధ్య పంచేది, కావాలా వద్దా అన్న ప్రశ్నే రాదు, దాదాపు ఎప్పుడూ కావాలి. చిన్నవాటి విషయంలోనే అసలు చిక్కు. కొన్నిటికి తప్పనిసరి, కొన్నిటికి అనవసరం, కొన్నిటికి బిగిస్తే నష్టం.

ఈ హిచ్ చేసే పని

ఎడ్లబండికి బస్తాలు వేసేవారికి ఈ లెక్క ఎవరూ నేర్పకుండానే తెలుసు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. ట్రైలర్‌కూ అంతే. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బండి వెనక ఉన్న బాల్ (ట్రైలర్‌ను తగిలించే ఉక్కు గుండు) మీద పడాలి. దీనినే టంగ్ వెయిట్ అంటారు. 10 శాతం కంటే తగ్గితే ట్రైలర్ రోడ్డు మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. మరీ పెరిగితే బండి వెనక భాగం కుంగుతుంది.

బాల్ ఉండేది వెనక ఇరుసు మీద కాదు, దానికి నాలుగైదు అడుగుల వెనక. అందుకే అక్కడ 560 పౌండ్లు పెడితే వెనక ఇరుసు మీద 560 కంటే ఎక్కువే పడుతుంది. ఆ అదనం ముందు చక్రాల మీదనుంచి వచ్చినదే. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ పట్టు సడలుతుంది, ముందు బ్రేకులు చేయగలిగినంత పని చేయలేవు, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి కొడతాయి.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లో రెండు స్ప్రింగ్ బార్లు ఉంటాయి. బాల్ కింద ఉన్న హిచ్ తలనుంచి అవి వెనక్కు, ట్రైలర్ ముందుభాగం కిందికి వెళతాయి. వాటి చివరలను పైకి లాగి ట్రైలర్ ఫ్రేముకు బిగిస్తారు. అలా వంచి పట్టినప్పుడు పుట్టే మెలిక బలం బండి ముందుభాగాన్ని కిందికి నొక్కుతుంది. వెనక ఇరుసు కాస్త తేలికపడుతుంది, ట్రైలర్ ఇరుసు మీదికీ కొంత బరువు చేరుతుంది. మొత్తం బరువు ఒక్క పౌండు కూడా తగ్గదు, పడే చోటు మాత్రమే మారుతుంది. కాబట్టి 3,500 పౌండ్లు లాగగల బండికి ఈ హిచ్ పెడితే 5,000 లాగుతుందన్న ఆశ వదులుకోవాలి.

మొదటి మెట్టు: మీ బండి ఒప్పుకుంటుందా?

బండితో వచ్చిన మాన్యువల్ తీసి ట్రైలర్ లాగడం గురించిన అధ్యాయం చదవండి. కొన్ని బండ్లకు ఫలానా బరువు దాటితే ఈ హిచ్ తప్పనిసరి అని ఉంటుంది. మరికొన్నిటికి అసలు వాడవద్దని స్పష్టంగా ఉంటుంది. కుటుంబాలు ఎక్కువగా నడిపే మూడు వరుసల ఎస్‌యూవీలు చాలావరకు విడి ఛాసిస్ లేకుండా బాడీనే ఫ్రేముగా తయారైనవి. రిసీవర్ బిగించిన చోట ఆ మెలిక బలాన్ని తట్టుకునేలా వాటన్నిటినీ రూపొందించలేదు. "వద్దు" అని ఉంటే వద్దనే అర్థం. ఇంటర్నెట్‌లో ఎవరో అయిదేళ్లుగా వాడుతున్నారన్న మాట ఇక్కడ చెల్లదు. అప్పుడు ఉన్నవి రెండే దారులు: తేలికైన ట్రైలర్, లేదా వేరే బండి.

తర్వాత బండి వెనక వంగి రిసీవర్ స్టిక్కరు చూడండి. చాలాసార్లు అక్కడ రెండు వరుసలు ఉంటాయి. మామూలు బాల్ మౌంట్‌తో (బార్లు లేకుండా బాల్ మాత్రమే ఉండే అమరికతో) ఎంత, వెయిట్ డిస్ట్రిబ్యూషన్‌తో ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌ల అనేక మోడళ్లలో మామూలు పద్ధతికి 5,000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల టంగ్ వెయిట్ హద్దు. అంతటి పికప్‌కు చిన్న ట్రైలర్ ఒక లెక్కా అనుకుంటారు కానీ, టంగ్ వెయిట్ 540 ఉన్న పొట్టి ట్రైలర్ కూడా ఆ మొదటి వరుసను దాటేస్తుంది. రిసీవర్ మీద ఒకే వరుస ఉంటే తయారీదారు చెప్పినదాన్నే పాటించాలి. రిసీవర్ గొట్టం రెండు అంగుళాలది కావాలి. ఒకటింపావు అంగుళం గొట్టానికి అడాప్టరు తగిలించి ఈ హిచ్ దూర్చాలని చూడకండి.

ఇక డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపూ తెలుపూ కలిసిన స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అందులో ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్రకటనల్లో కనిపించే లాగే సామర్థ్యాన్ని ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం లెక్కిస్తారు. అందులో బండిలో ఉండేది డ్రైవరూ, పక్కన ఒక ప్రయాణికుడూ, మనిషికి 150 పౌండ్ల చొప్పున. వేసవిలో తల్లిదండ్రులు ఇండియానుంచి వచ్చినప్పుడు ఎల్లోస్టోన్ బయలుదేరే కుటుంబం అలా ఉండదు.

పేలోడ్ 1,300 పౌండ్లనుకోండి. నలుగురు పెద్దవాళ్లు మనిషికి 160 చొప్పున 640, ఇద్దరు పిల్లలు కలిపి 120. మిగిలింది 540. ట్రైలర్ టంగ్ వెయిట్ 560, హిచ్ బరువే ఇంకో 80. అంటే ఇంకా బియ్యం సంచి, కుక్కరు, పచ్చళ్ల డబ్బాలు ఎక్కకముందే 100 పౌండ్లు హద్దు దాటారు. బార్లు బిగిస్తే కొంత బరువు ట్రైలర్ ఇరుసు మీదికి వెళ్లేమాట నిజమే. ఆ కొంతను నమ్ముకుని ఈ లెక్కను సర్దిపుచ్చకండి. టంగ్ వెయిట్ మొత్తాన్నీ పేలోడ్‌లో కలిపి చూసుకోవడమే క్షేమం.

రెండో మెట్టు: ట్రైలర్ ఒప్పుకుంటుందా?

బార్లు పట్టుకోవాలంటే ట్రైలర్ ముందుభాగం ఇంగ్లిష్ 'ఏ' అక్షరం ఆకారంలో, రెండు కమ్ములు కలిసి కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) దగ్గర ముగిసేలా ఉండాలి. బొట్టు ఆకారంలో ఉండే చిన్న టియర్‌డ్రాప్ ట్రైలర్లలో చాలావాటికి మధ్యలో ఒకే గొట్టం ఉంటుంది. వాటికి ఈ హిచ్ అమరదు, వాటి బరువుకు సాధారణంగా అవసరమూ ఉండదు.

'ఏ' ఆకారం ఉన్నా, బాల్ మధ్యనుంచి వెనక్కు సుమారు 30 అంగుళాల దగ్గర కమ్మి పక్కలు ఖాళీగా ఉన్నాయో లేదో టేపు పట్టి చూడండి. బ్రాకెట్లు బిగించేది ఆ ప్రాంతంలోనే. కచ్చితమైన దూరం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ప్రొపేన్ సిలిండర్ల పళ్లెం, బ్యాటరీ పెట్టె, గ్యాస్ గొట్టం, వైర్లు చాలాసార్లు అక్కడే తిష్ఠ వేసి ఉంటాయి. కమ్మి ఎత్తు, మందం కూడా కొలిచి రాసుకోండి. పలుచని ఫ్రేము ఉన్న తేలిక ట్రైలర్‌కు బండ బార్లు బిగిస్తే వంగేది బార్లు కాదు, ఫ్రేము. ట్రైలర్ తయారీదారు ఈ హిచ్‌ను అనుమతిస్తారో లేదో కూడా అడిగి తెలుసుకోండి. సర్జ్ బ్రేకులు, అంటే ట్రైలర్ ముందుకు తోసుకొచ్చినప్పుడు వాటంతట అవే పడే బ్రేకులు ఉన్న ట్రైలరైతే, ఆ కప్లర్‌కు నప్పే హిచ్ ఏదో ప్రత్యేకంగా కనుక్కోవాలి. క్యాంపింగ్ ట్రైలర్లకు మామూలుగా ఉండేవి కరెంటు బ్రేకులే.

టైర్ల సంగతి చాలామంది మరిచిపోతారు. బార్లు బిగించినప్పుడు ట్రైలర్ ఇరుసు మీద అదనపు బరువు పడుతుందని చెప్పుకున్నాం కదా. రెండు ఇరుసుల ట్రైలర్‌లో అది నాలుగు టైర్ల మధ్య పంచుకుంటుంది. ఒకే ఇరుసుంటే రెండే టైర్లు మోయాలి. చిన్న ట్రైలర్లకు తరచుగా వచ్చే ఎస్‌టీ205/75ఆర్14 టైరు లోడ్ రేంజ్ (బరువు మోసే తరగతి) సి అయితే ఒక్కోటి 1,760 పౌండ్లు మోస్తుంది, జత 3,520. అదే సైజు లోడ్ రేంజ్ డి అయితే 2,040, జత 4,080. ట్రైలర్ ఇరుసు మీద ఇప్పటికే 3,840 ఉంటే సి రకం టైర్లు ఏ హిచ్ పెట్టకముందే హద్దు దాటి ఉన్నాయి. అప్పుడు మొదటి ఖర్చు హిచ్ కాదు, టైర్లు. రిమ్ములు ఆ గాలి పీడనానికి తగినవో కాదో కూడా అప్పుడే చూడాలి.

మూడో మెట్టు: అసలు టంగ్ వెయిట్ ఎంత?

బ్రోషర్‌లో రాసిన టంగ్ వెయిట్ ఖాళీ ట్రైలర్‌ది. చాలా కంపెనీలు అందులో బ్యాటరీని లెక్కించవు, గ్యాస్ లెక్కించవు, నీళ్లు ఎలాగూ ఉండవు. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండరు నిండుగా ఉంటే పెంకుతో కలిపి 37 పౌండ్ల దాకా తూగుతుంది. రెండుంటే దాదాపు 75, అదీ సరిగ్గా కప్లర్ వెనకే. సీసపు బ్యాటరీ ఇంకో యాభై. గ్యాలన్ నీరు 8.34 పౌండ్లు కాబట్టి 30 గ్యాలన్ల ట్యాంకు నిండితే 250 పౌండ్లు. ఆ ట్యాంకు ఇరుసుకు ముందుంటే టంగ్ వెయిట్ పెరుగుతుంది, వెనకుంటే తగ్గుతుంది. బ్రోషర్‌లో 380 అని ఉన్న ట్రైలర్ ప్రయాణానికి సిద్ధమయ్యేసరికి 550 తూగడం వింతేమీ కాదు.

కొలవడానికి మూడు దారులున్నాయి. టంగ్ వెయిట్ కొలిచే చిన్న హైడ్రాలిక్ తూకం కొనుక్కోవచ్చు. లారీల కాటాకు వెళ్లవచ్చు, దాని సంగతి చివర్లో చెబుతాను. మూడోది ఇంట్లోని బాత్రూం తూకంతో కుదిరేది. ట్రైలర్‌ను ప్రయాణానికి ఎలా నింపుతారో అలా నింపి, సమతల నేల మీద ఆపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. ఒక గట్టి దూలాన్ని ఒక చివర ఇటుకల మీద, మరో చివర తూకం మీద ఆనించండి. రెండు ఆనిన చోట్ల మధ్య సరిగ్గా మూడు అడుగులు ఉండాలి. ట్రైలర్ ముందుభాగం బరువు ఇటుకల వైపునుంచి ఒక అడుగు, తూకం వైపునుంచి రెండు అడుగుల దూరంలో పడేలా ఒక గట్టి గొట్టం నిలబెట్టి, కప్లర్‌ను దాని మీదికి మెల్లగా దించండి. తూకం చూపిన అంకెను మూడుతో గుణిస్తే టంగ్ వెయిట్ వస్తుంది. దూలం బరువు తూకాన్ని ముందే కాస్త నొక్కుతుంది కాబట్టి ఆ అంకెను మొదట తీసివేయండి. కొలిచేటప్పుడు ట్రైలర్ రోడ్డు మీద ఎలా ఉంటుందో అలా సమంగా ఉండాలి. ముక్కు కిందికి వాలినా పైకి లేచినా అంకె మారిపోతుంది.

నీళ్ల ట్యాంకు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కొలవడం మంచిది. ఇంటినుంచి ఖాళీ ట్యాంకుతో బయలుదేరి, క్యాంపు దగ్గర నింపుకునే అలవాటుంటే మొదటి దానికంటే రెండోదే మీకు ముఖ్యం.

కొలత చేతికి వచ్చాక హిచ్ కావాలా అన్న ప్రశ్నకు జవాబు దానంతట అదే తేలుతుంది. పెద్ద పికప్‌కు 300 పౌండ్ల టంగ్ వెయిట్ తగిలించినప్పుడు ముందు చక్రాల పైన ఫెండర్ ఎత్తు అర అంగుళం కూడా మారకపోతే, మాన్యువల్ కూడా అడగకపోతే, మంచి బాల్ మౌంట్, సరైన బ్రేక్ కంట్రోలరు (ట్రైలర్ బ్రేకులను బండిలోనుంచి నడిపే పరికరం) చాలు. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టడం మేలని నా ఉద్దేశం.

నాలుగో మెట్టు: బార్ల రేటింగ్

ఈ హిచ్‌లకు రెండు అంకెలుంటాయి, టంగ్ వెయిట్‌ది ఒకటి, ట్రైలర్ మొత్తం బరువుది ఒకటి. ఈక్వలైజర్ బ్రాండు వాటిలో 400/4,000, 600/6,000, 1,000/10,000 వంటి వరుసలున్నాయి. అదే కంపెనీ తీసుకొచ్చే ఫాస్ట్‌వే ఇ2లో 600, 800, 1,000 ఉన్నాయి. "పెద్దది తీసుకుంటే రేపు పెద్ద ట్రైలర్ కొన్నా పనికొస్తుంది" అన్న సలహా కొట్టులో తప్పక వింటారు. చిన్న ట్రైలర్‌కు ఇంతకంటే చెడ్డ సలహా లేదు. బార్లు స్ప్రింగుల్లా వంగాలి. 400 పౌండ్ల టంగ్ వెయిట్‌కు 1,200 బార్లు పెడితే అవి వంగవు, రోడ్డు మీది ప్రతి గతుకునూ ట్రైలర్ ఫ్రేముకూ బండి రిసీవర్‌కూ సుత్తిదెబ్బలా అందిస్తాయి. లోపల అలమరాల మేకులు ఊడతాయి. పల్లపు రోడ్డులో బండి వెనక చక్రాలు పట్టు కోల్పోయే ప్రమాదం కూడా ఉంది. మరీ చిన్నవి పెడితే ఎంత బిగించినా ముందు చక్రాలకు బరువు తిరిగి రాదు.

లెక్క ఇలా వేయండి. కొలిచిన టంగ్ వెయిట్‌కు, బండిలో వెనక ఇరుసుకు వెనక పెట్టే సామాను బరువు కలపండి. డిక్కీలో సామాను కూడా బండి వెనకభాగాన్ని అలాగే కుంగదీస్తుంది, దాన్ని కూడా బార్లే సర్దాలి. టంగ్ వెయిట్ 560, డిక్కీలో 80 అయితే 640. 600 చాలదు, 1,200 ఎక్కువ. 800 ఉన్న బ్రాండులో అది సరిగ్గా సరిపోతుంది. 600 తర్వాత 1,000 మాత్రమే ఉన్న బ్రాండైతే, ఆ డిక్కీ సామానును మధ్య వరుస సీట్ల దగ్గరికి జరిపితే 600లోకి వస్తారు. అయినా 560 అంటే ఆ బార్ల హద్దుకు దగ్గరే. నీళ్ల ట్యాంకుతో పెరుగుతుందంటే పై సైజుకే వెళ్లాలి.

ఐదో మెట్టు: ఊగడాన్ని అదుపు చేసే పద్ధతి

బ్రాండుల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. బరువు మళ్లించే పని అన్నీ చేస్తాయి. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు, ఎదురుగాలి పక్కకు తిరిగినప్పుడు ట్రైలర్ తోక ఊపకుండా ఎలా పట్టుకుంటాయన్నది ఒక్కోదానికి ఒక్కో తీరు.

అన్నిటికంటే చవక గుండ్రటి బార్లు, గొలుసులు, పక్కన విడిగా బిగించే రాపిడి కడ్డీ. మూడు నాలుగు వందల డాలర్లలో దొరుకుతుంది. చిన్న ట్రైలర్‌కు పనిచేస్తుంది. కానీ వెనక్కు తిప్పి పార్క్ చేసేముందు ప్రతిసారీ దిగి ఆ కడ్డీ తీసేయాలి, లేకపోతే వంగిపోతుంది. జారే రోడ్డు మీద కూడా దాన్ని వదులు చేయమనో తీసేయమనో తయారీదారులే చెబుతారు. చీకట్లో, వానలో క్యాంపు స్థలానికి చేరినప్పుడు ఆ దిగడం ఎవరికీ గుర్తుండదు. అందుకే నేను దీన్ని ఎవరికీ సిఫారసు చేయను.

ఈక్వలైజర్‌లో గొలుసులు లేవు. బార్లు బ్రాకెట్ల మీద నేరుగా ఆని, అక్కడి రాపిడి, తల దగ్గరి రాపిడి కలిసి ఊగడాన్ని ఆపుతాయి. వెనక్కు వెళ్లేటప్పుడు ఏదీ తీయనక్కర్లేదు. చాలా ఏళ్లుగా నిలిచిన పద్ధతి. చిక్కల్లా శబ్దం. మలుపు తిరిగినప్పుడల్లా కిర్రుమంటుంది, పెట్రోలు బంకులో తలలు తిరుగుతాయి. బ్లూ ఆక్స్ స్వేప్రోలో బార్లు తలలో కొంచెం వాలుగా కూర్చుంటాయి. ట్రైలర్ పక్కకు జరిగినప్పుడల్లా వాటి బిగువే దాన్ని మధ్యకు లాగుతుంది. రాపిడి తక్కువ, చప్పుడూ తక్కువ. తేలిక ట్రైలర్లకు తగిన చిన్న బార్లు ఇందులో దొరుకుతాయి.

ఆండర్సన్ హిచ్ అన్నిటికంటే భిన్నం. ఉక్కు బార్ల బదులు గొలుసులు, వాటి చివర యూరిథేన్ స్ప్రింగులు ఉంటాయి. బాల్ అడుగున శంకువు ఆకారపు రాపిడి పదార్థంలో తిరుగుతుంది. మొత్తం 60 పౌండ్ల దగ్గర తూగుతుంది, మిగతావాటిలో చాలా రకాలు 80, 100 దాకా పోతాయి. పేలోడ్ అంచున ఉన్న ఎస్‌యూవీకి ఈ తేడా చిన్నది కాదు. బ్రాకెట్ల చోటు ఇరుకుగా ఉన్న ట్రైలర్లకూ ఇది సులువుగా అమరుతుంది. బరువైన ట్రైలర్లతో ముందు చక్రాలకు తగినంత బరువు మళ్లించదన్న ఫిర్యాదు వినిపిస్తుంది. 4,000 పౌండ్ల లోపు ట్రైలర్‌కు, ముందు చక్రాల మీద పెద్దగా తేడా రాని బండికి మాత్రం నా మొదటి ఎంపిక ఇదే.

హెన్స్లీ, ప్రోప్రైడ్ అని ఇంకో జాతి ఉంది. జిమ్ హెన్స్లీ రూపొందించిన లింకుల అమరికతో ఊగే కీలునే బండి వెనక ఇరుసు వైపు జరిపినట్టు చేస్తాయి. ఊగడాన్ని ఆపడంలో వీటికి సాటి లేదు. ధర వేల డాలర్లలో, బరువు రెండు వందల పౌండ్ల దగ్గర. చిన్న ట్రైలర్‌కు వీటి గురించి ఆలోచించడం దండగ.

ఏది కొన్నా ఒక మాట. టంగ్ వెయిట్ 10 శాతం కంటే తక్కువున్న ట్రైలర్‌ను ఏ హిచ్చూ కాపాడదు. వెనక బంపరు మీద సైకిళ్లు, జనరేటరు వేలాడదీసి ఊగుతోందని హిచ్‌ను తిట్టడం అన్యాయం. టైర్లలో గాలి, వేగం కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి చట్టం విధించిన గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు. చట్టం లేని రాష్ట్రాల్లోనూ నేను 60 దాటను. నిజంగా ఊగడం మొదలైతే బండి బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసి, బ్రేక్ కంట్రోలరు మీది మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే నొక్కాలి.

ఆరో మెట్టు: బాల్, షాంక్

కప్లర్ మీద బాల్ సైజు అచ్చయి ఉంటుంది, 2 లేదా 2-5/16 అంగుళాలు. చిన్న ట్రైలర్లకు ఎక్కువగా రెండు అంగుళాలదే. హిచ్‌తో బాల్ వస్తుందో లేదో అడగండి, చాలావాటితో రాదు. ట్రైలర్‌ను సమంగా నిలిపి కప్లర్ ఎత్తు, బండి రిసీవర్ ఎత్తు కొలిచి, ఆ తేడాకు సరిపోయే షాంక్ (రిసీవర్‌లోకి దూరే హిచ్ కడ్డీ) ఎంచుకోండి. ఎత్తయిన పికప్ అయితే పెట్టెలో వచ్చే షాంక్ చాలకపోవచ్చు. బాల్ నట్టు బిగించడానికి టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) అద్దెకు తెచ్చుకోండి, సాధారణ పానా సరిపోదు.

ఏడో మెట్టు: బిగించి, కాటా ఎక్కించడం

ముందుగా టేపు. బండి ఒక్కదాన్నే సమతల నేల మీద నిలిపి, ముందు చక్రం మధ్యనుంచి నిలువుగా ఫెండర్ అంచుదాకా నేలమీదనుంచి ఎత్తు కొలవండి. 36 అంగుళాలు వచ్చిందనుకోండి. ట్రైలర్ తగిలించి, బార్లు లేకుండా మళ్లీ కొలిస్తే 37. ముందుభాగం ఒక అంగుళం లేచింది. బార్లు బిగించి ఆ అంగుళంలో ఎంత వెనక్కు రావాలన్నది బండి మాన్యువల్ చెబుతుంది. కొన్ని సగం చాలంటాయి, కొన్ని ఇంకా ఎక్కువ అడుగుతాయి. పాత ఎత్తు కంటే కిందికి మాత్రం దించకూడదు, అప్పుడు వెనక చక్రాలు తేలికపడి తడి రోడ్డు మీద జారతాయి. ముందుభాగం తగినంత కిందికి రాకపోతే గొలుసులో ఒక లంకె తగ్గించడం, లేదా హిచ్ తల వాలును కొంచెం పెంచడం. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండిలో ఈ కొలతలకు ముందు దాన్ని ఎలా ఉంచాలో మాన్యువల్‌లో చూడాలి, లేకపోతే అది ఎప్పటికప్పుడు సర్దుకుని కొలతలను అబద్ధం చేస్తుంది.

బార్లు ఎక్కించేటప్పుడు కప్లర్ బాల్‌కు లాక్ చేసి, ట్రైలర్ జాకీతో ముందుభాగాన్నీ బండి వెనకనూ కలిపి పైకి లేపితే బిగువు తగ్గి పని సులువవుతుంది. లేపకుండా మీటతో లాగితే అది చేతి మీదికో మోకాలి మీదికో తిరిగి కొడుతుంది. దించేటప్పుడూ ఇదే వరుస.

టేపు చెప్పింది నిజమో కాదో తేల్చేది కాటా. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి, మన ఊళ్ల ధర్మకాటా పని చేసేవే. లారీలకే కాదు, ఎవరికైనా తూస్తాయి. ఫోను యాప్‌తో డబ్బు కట్టవచ్చు. మొదటి తూకానికి పదిహేను డాలర్ల దగ్గర, అదే చోట వెంటనే మళ్లీ తూయిస్తే ఇంకా తక్కువ. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసు వేర్వేరు పలకల మీద ఉండేలా ఆపండి. కుటుంబమంతా బండిలోనే కూర్చోవాలి. మూడుసార్లు తూయించాలి: బార్లు బిగించి ఒకసారి, పక్కకు వెళ్లి బార్లు తీసి ఒకసారి, ట్రైలర్‌ను ఒక మూల వదిలి బండి ఒక్కటే ఒకసారి.

లెక్క అర్థమయ్యేందుకు కొన్ని అంకెలు వేసుకుందాం. బండి ఒక్కటే ఉన్నప్పుడు ముందు 2,620, వెనక 2,780, మొత్తం 5,400. బార్లు లేకుండా ట్రైలర్‌తో ముందు 2,400, వెనక 3,560, ట్రైలర్ ఇరుసు 3,840, మొత్తం 9,800. అంటే ట్రైలర్ 4,400. బండి బరువు 5,400 నుంచి 5,960కి పెరిగింది, ఆ 560 టంగ్ వెయిట్. 4,400లో 12.7 శాతం, చక్కగా హద్దులో ఉంది. ముందు ఇరుసు 220 పోగొట్టుకుంది. బార్లు బిగించాక ముందు 2,540, వెనక 3,340, ట్రైలర్ 3,920. పోయిన 220లో 140 తిరిగి వచ్చాయి, అంటే సుమారు 64 శాతం. మాన్యువల్ సగం అడిగితే పని అయినట్టే.

ఇక్కడితో ఆపకండి. తలుపు స్టిక్కరు దగ్గరే ఉండే మరో పట్టీలో ఒక్కో ఇరుసు ఎంత మోయగలదో ఉంటుంది. వెనక ఇరుసు హద్దు 3,400 అయితే, బార్లు లేని 3,560 దాన్ని దాటింది, బార్లతో 3,340 లోపలికి వచ్చింది. హిచ్ తన ధర రాబట్టుకున్న చోటు అది. ట్రైలర్ ఇరుసు 3,920కి చేరింది, దాన్ని ఇరుసు హద్దుతోనూ ఇందాక చూసిన టైర్ల అంకెతోనూ పోల్చండి. డి రకం టైర్లయితే మిగిలిన వెసులుబాటు 160 పౌండ్లే. ఇంకో రెండు నీళ్ల కేసులు ట్రైలర్‌లో పెట్టేముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

పాతది కొంటే

ఒకరి గ్యారేజీలో ఏళ్లుగా పడి ఉన్న హిచ్ సగం ధరకు దొరుకుతుంది, అందులో తప్పేమీ లేదు. బార్ల మీదా తల మీదా కంపెనీ పేరు, రేటింగు ఒకటేనా చూడండి. ఒక దాని తలలో మరో దాని బార్లు పెట్టి అమ్మేవాళ్లున్నారు. వెల్డింగుల దగ్గర పగుళ్లు, బార్లు దూరే చోట గుండ్రంగా అరిగిన గుంతలు, సాగిన గొలుసు లంకెలు కనిపిస్తే వదిలేయండి. పైపై తుప్పు పరవాలేదు. వెల్డింగ్ మీద కొత్తగా రంగు పూసి ఉంటే మాత్రం ఎందుకు పూశారో అడగండి. బోల్టులు, నట్లు పాతవి తిరిగి వాడకుండా కంపెనీనుంచి కొత్త సెట్టు తెప్పించుకోండి. బిగించాక మొదటి ప్రయాణంలో యాభై, అరవై మైళ్ల తర్వాత ఆగి బోల్టులన్నిటికీ మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి.